బంగాళాఖాతం కన్నా పాత సముద్రం చూడ్డానికి వెళ్లాం

మా అన్నయ్య తాతారావు ముప్పై ఏళ్లకు పైగా సముద్రం మీద తిరిగాడు. పారాదీప్ వైపు, కాకినాడ వైపు, చేపలు ఎటుంటే అటు బోటు నడిపాడు. కానీ పొద్దున బయల్దేరితే రాత్రికి తిరిగి ఇంటికొచ్చేయగల బొర్రా గుహలకు మాత్రం ఒక్కసారి కూడా వెళ్లలేదు. కొండలంటే ఆయనకు బోటు తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు గుర్తుపట్టడానికి పనికొచ్చేవి, అంతే. అలాంటి మనిషితో, అదీ కుడికాలు ఈడుస్తూ చేతికర్ర పట్టుకుని నడుస్తున్న రోజుల్లో, మేం అరకు రైలెక్కాం. ఆయన్ని మేం తీసుకెళ్లామని అందరూ అనుకుంటారు. నిజానికి ఆయనే మమ్మల్ని తీసుకెళ్లాడు. అదెలా జరిగిందో ముందు చెప్పాలి.

నేను సబ్బవరం దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. పుట్టి పెరిగింది మాత్రం విశాఖలో, పెద జాలారిపేటలో. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. చదివించింది అన్నయ్య. కిందటేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. ప్రాణానికి ప్రమాదం తప్పింది గానీ కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. తను చెప్పాల్సింది లోపల ఉంటుంది, నోటికి రాదు. సీతమ్మధారలో ఫిజియోథెరపీ చేయించాం. కొన్ని నెలలకు కాలు కదిలింది. మాటలు కూడా ఒక్కోటి తిరిగి రావడం మొదలైంది. కానీ తడబడుతుంటే నలుగురూ చూస్తారని, ఇంటికి మనుషులొస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. హార్బర్‌కి వెళ్లడం మానేశాడు. తోటి బోటువాళ్లు "బావా" అంటూ గుమ్మంలోకి వస్తే మా ఒదిన పోలమ్మే ఏదో ఒకటి చెప్పి పంపించేసేది.

కుడిచేతి చూపుడువేలికి పని చెప్పమని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి సుజాత చెప్పింది. వేలిని తెర మీద మెల్లగా అటూ ఇటూ జరపాలి. దానికోసం రంగు బంతుల ఆట ఒకటి టాబ్లెట్‌లో పెట్టి ఇస్తే అన్నయ్య రెండు నిమిషాలు చూసి పక్కన పడేశాడు. యాభై దాటిన మనిషికి అది అవమానంగా తోచింది. అప్పుడు నేను బడిలో పిల్లలకు చూపించే మ్యాపు ఒకటి తీశాను. భూగోళం మొత్తం తెర మీద తిరుగుతుంది. మన ఊరి పేరు కొడితే అక్కడ చుక్క పడుతుంది. కింద ఒక గీత ఉంటుంది. దాని మీద వేలు పెట్టి ఎడమవైపు జరిపితే కాలం వెనక్కి పోతుంది. ఒక కోటి ఏళ్లు, అయిదు కోట్లు, పది కోట్లు. ఖండాలు కదులుతుంటే మన చుక్క కూడా వాటితో పాటు కదులుతుంది.

విశాఖపట్నం అని కొట్టి ఆయన చేతికిచ్చాను. ఆయన వేలు వణుకుతూ గీత మీద పడింది. భారతదేశం ఆసియాను వదిలి కిందికి జారింది. భూమధ్యరేఖ దాటింది. ఇంకా కిందికి పోయింది. ఆయన ఆపలేదు. పదమూడు కోట్ల ఏళ్ల దగ్గరకు వచ్చేసరికి మన తీరం పక్కన నీళ్లు సన్నబడ్డాయి, చీలికయ్యాయి, మూసుకుపోయాయి. మన చుక్క అంటార్కిటికాకు అతుక్కుని ఉంది. బంగాళాఖాతం లేదు.

అన్నయ్య తల ఎత్తి నన్ను చూశాడు. ఆయనకు ఆ సముద్రంలో ఎక్కడ ఎంత లోతో తెలుసు, ఏ నెలలో నీరు ఎటు లాగుతుందో తెలుసు. అది లేని రోజు ఒకటుందని ఎవరూ చెప్పలేదు. వేలు కుడివైపు జరిపాడు, సముద్రం పుట్టింది. ఎడమవైపు జరిపాడు, పోయింది. ఆ పూటంతా అదే చేశాడు. వేలు కొంచెం అదిరినా కోటి ఏళ్లు గెంతేస్తుంది. అది ఆయనకు నచ్చేది కాదు. చీలిక అప్పుడే తెరుచుకుంటున్న చోట ఆపాలని చూసేవాడు. నెలన్నర తిరక్కుండానే వేలు ఆయన చెప్పినచోట ఆగడం నేర్చుకుంది. సుజాత వచ్చి చూసి, ఈ మ్యాపేదో మిగతా వాళ్లకి కూడా పెడతానని పేరు రాసుకుని వెళ్లింది.

ఒకరోజు ఆయన ఆ తెల్లటి అంటార్కిటికా అంచు మీద వేలు పెట్టి, చాలాసేపు వెతుక్కుని, "రాయి?" అన్నాడు. అక్కడి రాయీ ఇక్కడి రాయీ ఒకటేనా అని. అవునని చెప్పాను. మన తూర్పు కనుమల రాయి, అక్కడ మంచు కింద ఉన్న రాయి ఒకే రకమని, రెండూ కలిసే తయారయ్యాయని చదువుకున్నదంతా చెప్పాను. చెబుతూ చెబుతూ ఇంకొకటి కూడా అనేశాను. ఆ కొండల రాయిలో చాలావరకు అంతకన్నా పాత సముద్రం అడుగున పేరుకున్న బురదేనని, బొర్రా గుహల రాయి కూడా అలా నీటి అడుగున పుట్టిందేనని, అది ఈ మ్యాపులో మొదలయ్యే కాలానికన్నా ముందని.

"అబద్దం" అన్నాడు అన్నయ్య.

జబ్బు చేశాక ఆయన ఒక మాటను అంత గట్టిగా అనడం అదే మొదటిసారి. మర్నాడు కూడా అదే మాట అన్నాడు. మూడోరోజు "సూపించు" అన్నాడు.

ఒదిన ఒప్పుకోలేదు. "సముద్రపోడికి కొండ మీదేటి పని? ఆ మెట్ల మీద పడితే నానేటి సేసీది?" అని నన్ను నిలదీసింది. ఆమె భయంలో న్యాయం ఉంది. గుహల్లోకి దిగే మెట్లు చాలా ఉంటాయి, తడిగా ఉంటాయి. సుజాతను అడిగితే, పక్కన ఇద్దరుండి నెమ్మదిగా దింపితే ఫరవాలేదంది. అన్నయ్య మా మాటలేవీ పట్టించుకోకుండా ఇంట్లో ఉన్న మూడు మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టాడు. అది చూశాక ఒదిన తనూ వస్తానని ఒక చీర సంచిలో పెట్టుకుంది.

ఒక ఆదివారం వెళ్లాం. ముందురోజు సాయంత్రమే నేను సబ్బవరం నుంచి బస్సులో వచ్చి వాళ్లింట్లో పడుకున్నాను. అరకు మీదుగా కిరండోల్ వెళ్లే పాసింజరు విశాఖ స్టేషన్లో పొద్దున్నే ఏడు లోపు బయల్దేరుతుంది. ఆరు కాకుండానే ఆటో కట్టించుకున్నాం. సెలవు రోజుల్లో జనం బాగా ఉంటారు కాబట్టి టికెట్లు ముందే రిజర్వు చేశాను. వెళ్లేవాళ్లు కూడా అలా చేసుకోవడం మంచిది. కిటికీ పక్క సీటు అన్నయ్యకిచ్చాం. ఘాట్ మొదలైతే కడుపులో తిప్పుతుందని ఒదిన నాలుగు నిమ్మకాయలు తెచ్చింది. దారిలో తినడానికి పులిహోర, వేయించిన చేపలు, అరటిపళ్లు, అవి కోయడానికి చిన్న చాకు. నేను టాబ్లెట్ తెచ్చాను. కొండల్లో సిగ్నల్ ఉండదని మ్యాపు బొమ్మలన్నీ ఇంటి దగ్గరే దించుకున్నాను.

సింహాచలం దాటింది, పెందుర్తి దాటింది. కొత్తవలసలో ఎక్కిన ఒకాయన మా ఎదురు సీట్లో కూర్చుని, "ఎందాకా ఎల్తన్నారు బావా?" అని అన్నయ్యను అడిగాడు. అన్నయ్య మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. వినిపించలేదేమోనని ఆయన గొంతు పెంచి మళ్లీ అడిగాడు. చుట్టుపక్కల వాళ్లు ఇటు చూశారు. ఒదిన గబగబా, బొర్రాకి వెళుతున్నామని, ఆయనకు ఒంట్లో బాగోలేదని చెప్పింది. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. చేతికర్ర పట్టుకున్న పిడికిలి బిగిసింది. ఇంత ప్రయాణం పెట్టుకుని ఆయన్ని ఇంకా చిన్నబుచ్చుతున్నామేమో అని నాకు అప్పుడనిపించింది. ఎదుటాయన శృంగవరపుకోటలో దిగిపోయాడు.

శృంగవరపుకోట తర్వాత బండి కొండలకేసి ఎక్కడం మొదలుపెట్టింది. శివలింగపురం దాటాక సొరంగాలు. ఒక్కో సొరంగంలోకి బండి దూరగానే కుర్రకారు కేకలు పెడుతున్నారు. రెండు సొరంగాల మధ్య పట్టాల కోసం కొండను నిలువునా కోసిన చోట్లు వస్తాయి. అక్కడ రాయి లోపలి రంగు కనిపిస్తుంది. తుప్పు ఎరుపు, మధ్యమధ్య తెల్లటి చారలు, పొరమీద పొర. దీన్ని ఖోండలైట్ అంటారు. బండి ఒక చిన్న స్టేషన్ ముందు సిగ్నల్ కోసం ఆగినప్పుడు ఆ గోడ మా కిటికీకి చేతికందేంత దగ్గరగా ఉంది. పొరల్లో ఎర్రటి గింజలు ఎండకు మెరుస్తున్నాయి.

అన్నయ్య నా చెయ్యి పట్టి లాగాడు. ఆ గింజలను చూపించి, తర్వాత వేళ్లతో ఏదో దులుపుకుంటున్నట్టు చేశాడు. వలకు అంటుకునే ఇసుక. మా ఒడ్డున వాన వెలిసిన తర్వాత ఎర్రగా చారలు కట్టే ఇసుక ఉంటుంది. అది ఈ రాయిలోంచి వాగులు కొట్టుకొచ్చిన గింజలే, గార్నెట్ అంటారని చెప్పాను. ఆయన తల ఊపాడు. కొండ నుంచి సముద్రంలోకి వస్తుందన్నది ఆయన ఒప్పుకున్నాడు. సముద్రం నుంచి కొండ వచ్చిందన్నది ఇంకా ఒప్పుకోలేదు.

బొర్రా గుహలు స్టేషన్లో బండి ఎక్కువసేపు ఆగదు. ముందే తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాం. ఒదిన కిందికి దిగి చేతులు చాచింది, నేను వెనక నుంచి పట్టుకున్నాను. అన్నయ్య ఎడమకాలు ముందు పెట్టి దిగేశాడు. అప్పటికి పది దాటింది. స్టేషన్ నుంచి గుహలు దగ్గరే, నడిచేవాళ్లు నడవొచ్చు, మేం మాత్రం ఆటో ఎక్కాం. దారి పొడుగునా బొంగు చికెన్ వాసన. వెదురు బొంగుల్లో కూరి నిప్పుల మీద కాలుస్తారు. తిరిగొచ్చేటప్పుడు తిందామని ముందు టికెట్లు తీసుకున్నాం.

గుహ నోరు చూడగానే ఒదిన నమస్కారం పెట్టింది. అంత పెద్దదనుకోలేదంది. మెట్లు మలుపు తిరుగుతూ కిందికి పోతున్నాయి. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న ఒకాయన అన్నయ్య కాలు చూసి, పెద్దాయన్ని పైనే కూర్చోబెట్టి మీరు చూసి రండమ్మా, అని మంచిగానే చెప్పాడు. ఒదిన నా మొహం చూసింది. అన్నయ్య ఎవరి మొహం చూడలేదు. కర్ర నా చేతికిచ్చి, ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని మొదటి మెట్టు దిగాడు.

ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనేదాకా ఆగి, తర్వాత మెట్టుకు వెళ్లాడు. వెనకొచ్చేవాళ్లు విసుక్కోకుండా పక్కనుంచి దిగిపోయారు. ఒకచోట కుడికాలు జారింది. ఒదిన పెద్దగా అరవబోయి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన కమ్మీకి ఒరిగి నిలబడి, ఊపిరి తీసుకుని, మళ్లీ దిగాడు. అడుగున నేల మీద కాలు పెట్టాక మా ఇద్దరివైపు తిరిగి చూశాడు. నెలల తర్వాత ఆ మొహంలో బోటు ఒడ్డుకు చేర్చినప్పటి ధీమా కనిపించింది.

లోపల చల్లగా ఉంది. రంగు దీపాల వెలుగులో రాతి ఊడలు పైనుంచి వేలాడుతున్నాయి, కింద నుంచి స్తంభాలు లేస్తున్నాయి. ఎక్కడో నీటి చుక్కలు పడుతున్న చప్పుడు. జనమంతా శివలింగం ఎక్కడ, పులి ఆకారం ఎక్కడ అని చూసుకుంటున్నారు. అన్నయ్య మాత్రం గోడ దగ్గరకు వెళ్లి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తర్వాత చొక్కా జేబులోంచి ఒక గవ్వ తీశాడు. మా ఒడ్డున దొరికే మామూలు తెల్ల గవ్వ. అది తెచ్చినట్టు మా ఇద్దరికీ తెలియదు. గోడ మీద ఇలాంటివి ఎక్కడున్నాయో చూపించమన్నట్టు నా ముందు పట్టాడు.

నాకు చిక్కొచ్చి పడింది. ఈ రాయి పుట్టిన కాలానికి సముద్రంలో గవ్వలు చేసే జీవాలే లేవు. అదే చెప్పాను. ఆయన పెదవి విరిచాడు. గవ్వ లేని సముద్రం ఆయనకు సముద్రం కాదు. ఆయనకు నచ్చేలా చెప్పడానికి నా దగ్గర ఇంకో దారి ఉంది గానీ, దాన్ని గుహలో చేయకూడదు. పైకి వెళ్దామన్నాను.

ఎక్కడం దిగడం కన్నా తేలికైంది. గేటు దగ్గరాయన కుర్చీలోంచి లేచి నిలబడి, నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. బయట దారి పక్కన చెట్టు నీడలో కూర్చున్నాం. దారి అంచున రాలి పడి ఉన్న గులకల్లోంచి తెల్లటి ముక్క ఒకటి ఏరాను. ఒదిన తెచ్చిన చాకుతో దాన్ని గీకి పొడి ఒక కాగితం మీద రాల్చాను. అన్నయ్య గవ్వను కూడా గీకి, ఆ పొడి పక్కన పోశాను. బడిలో పిల్లలకు ఇలాగే చేసి చూపిస్తాను. మా పేటలో ఒకప్పుడు గవ్వలు ఏరి సున్నం బట్టీకి అమ్మేవాళ్లు. గవ్వంటే సున్నమేనని అన్నయ్యకు నేను చెప్పక్కర్లేదు. కాల్చని సున్నం మీద నిమ్మరసం పడితే పొంగుతుంది; రాయి కూడా పొంగితే, అదీ సముద్రపు నీళ్లలోంచి అడుగున పేరుకున్న సున్నమేనని లెక్క.

ఒదిన నిమ్మకాయ కోసింది. నేను పిండబోతుంటే అన్నయ్య చెయ్యి అడ్డుపెట్టి, ఆ చెక్క తీసుకున్నాడు. కుడిచేత్తో తీసుకున్నాడు. ఆ చేత్తో అప్పటిదాకా గ్లాసు కూడా పట్టుకోలేకపోయేవాడు. వేళ్లు ముడుచుకున్నాయి, ఆగాయి, మళ్లీ ముడుచుకున్నాయి. ఒక్క చుక్క గవ్వ పొడి మీద పడింది. సన్నగా నురుగు లేచింది. ఇంకో చుక్క రాతి పొడి మీద పడింది.

అది కూడా పొంగింది.

ఆయన కాగితం మొహం దగ్గరకు తెచ్చుకుని, బుడగలు ఆగిపోయేదాకా చూశాడు. మళ్లీ పిండాడు. మళ్లీ పొంగింది. అప్పుడు గుహవైపు, దాని మీద ఉన్న కొండవైపు, ఆ వెనక కొండలవైపు తల తిప్పుతూ చూశాడు. "ఇదంతా... నీరేనా?" అన్నాడు. అవును, ఇదంతా ఒకప్పుడు నీటి అడుగేనని చెప్పాను. ఆ అడుగు పూడిపోయి, లోపల ఉడికి, ముడతపడి కొండలైందని, ఆ కొండలు అంటార్కిటికాతో కలిసి ఉండి తర్వాత చీలాయని, ఆ చీలికలోకి వచ్చిన నీళ్లే మన బంగాళాఖాతమని.

"మన సముద్రం సిన్నది" అన్నాడు. ఒకే ఊపున, మూడు మాటలూ. ఒదిన ఏడ్చేసింది. అన్నయ్య ఆమె వీపు మీద చెయ్యి వేసి నవ్వాడు.

ఆ తర్వాత బొంగు చికెన్ తిన్నాం. చాలా బాగుంది. చేపలు కూడా ఇలా కాల్చొచ్చని ఒదిన ఆ అమ్మే ఆవిడకు సలహా ఇచ్చింది. స్టేషన్‌కు ముందే చేరి, ఆ ఊరి గొడ్లు పట్టాల పక్కన మేస్తుంటే చూస్తూ కూర్చున్నాం. సాయంత్రం బండి కొంచెం ఆలస్యంగా వచ్చింది. తిరుగు ప్రయాణానికి సీట్లు రిజర్వు కాలేదు, బండేమో రద్దీగా ఉంది. ఒక ముసలాయన జరిగి అన్నయ్యకు చోటిచ్చాడు. ఆయన శృంగవరపుకోట దగ్గర రైతు, అరకులో కూతుర్ని చూసి తిరిగొస్తున్నాడు. అన్నయ్య చేతిలో తెల్లరాయి ముక్క చూసి, "ఆ రాయేటి బాబూ, దేవుడిదా?" అని అడిగాడు.

ఒదిన అలవాటుగా నోరు తెరిచింది. అన్నయ్య చెయ్యెత్తి ఆమెను ఆపాడు.

"నాను సెప్తాను" అన్నాడు.

చెప్పాడు. ఒక మాట, తర్వాత చాలాసేపు ఖాళీ, తర్వాత ఇంకో మాట. మాట దొరకనప్పుడు రెండు అరచేతులూ దగ్గరగా పెట్టి, మెల్లగా విడదీసి చూపించాడు. ఒక చెయ్యి మనం, ఒక చెయ్యి మంచు దేశం, మధ్యలో సముద్రం. నా టాబ్లెట్ అడిగి తీసుకుని, కుడివేలితో గీత జరిపి, అందరికీ చూపించాడు. పక్క సీట్లవాళ్లు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు. ఒకావిడ మాట అందించబోతే ముసలాయనే, ఉండమ్మా ఆయన్ని సెప్పనీ, అని ఆపాడు. నేను ఆ పాఠం ఏళ్ల తరబడి చెబుతున్నాను. అంత నిశ్శబ్దంగా విన్న తరగతి నాకెప్పుడూ దొరకలేదు.

శృంగవరపుకోట వచ్చింది. కథ ఇంకా అవలేదు. ముసలాయన మూట తీసుకుని దిగి, వెళ్లిపోకుండా మా కిటికీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడు ఆగిపోనాదా మరి, భూమి?" అని అడిగాడు. గార్డు ఈల వేశాడు. అన్నయ్య కిటికీ కమ్మీ పట్టుకుని మాట కోసం వెతుక్కున్నాడు. నాకు తెలిసిన జవాబే. అందించకుండా ఉండడానికి పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

"నేదు" అన్నాడు అన్నయ్య. "ఇంకా... ఎల్తన్నాం."

ముసలాయన చెయ్యెత్తి ఊపాడు. బండి కదిలింది.

కొండలూ గుహలూ చూడాలనుకునేవాళ్లకు బొర్రా ఒక్క రోజు ప్రయాణం. దారిలో పట్టాల పక్క కోతల్లో రాతి పొరలు చూస్తూ వెళ్లమని మాత్రం చెబుతాను. అవి చూస్తే మనం నిలబడ్డ నేల ఎంత దూరం నుంచి వచ్చిందో అర్థమవుతుంది, మన కష్టాలకు కొంచెం గాలి తగులుతుంది. నేను ఆ రాత్రే సబ్బవరం చేరి, తెల్లారి బడికి వెళ్లిపోయాను. మధ్యాహ్నం బెల్లప్పుడు ఒదిన ఫోన్ చేసింది. ఏమైందోనని కంగారుగా ఎత్తాను.

"మీ అన్న పొద్దున్నే కర్రట్టుకుని హార్బర్ కాడికి ఎల్లిపోనాడు" అంది. "బోటోళ్లందర్నీ సుట్టూ కూకోబెట్టుకుని ఆ రాయి సూపిత్తన్నాడు. అన్నానికి రమ్మంటే రాడు."